రెండు తాళాల తలుపు

వాన ముసురు పడితే ఎవరికేం గుర్తొస్తుందో గానీ, మా పేటలో మగవాళ్ళకి పారలు గుర్తొచ్చేవి. ఆకురాయి మీద పార అంచు గీస్తున్న చప్పుడు ఇంటింటా వినపడేది. ఆ పదును పొలం పనికి కాదు, కట్ట మీద కొట్లాటకి. డెబ్బైల్లో, నా చిన్నతనమంతా, నాకు తెలిసిన వానాకాలం అదే.

మాది కోనసీమలో కాట్రేనికోనకి దిగువన, సముద్రపు గాలి తగిలేంత దూరంలో, పల్లంలో ఉన్న క్రైస్తవుల పేట. ఎగువన రైతుల ఊరు. ఊరి చేలల్లోని మురుగునీరు ఒక కాలవలో పడి మా పేట పక్కనుంచి సముద్రానికి పోవాలి. ఆ కాలవకి అడ్డంగా, తాతలనాడెప్పుడో మావాళ్ళు ఒక మట్టికట్ట వేసుకున్నారు. కట్ట ఉంటే వాననీళ్ళు ఎగువనే నిలిచిపోయి, పొట్ట మీదున్న వరి కుళ్ళిపోతుంది. కట్ట తెగితే ఆ నీళ్ళన్నీ మా తాటాకిళ్ళలోకి వస్తాయి. అంతే తగువు. ఏటా వాళ్ళు తెంపడానికి వచ్చేవారు, ఏటా మావాళ్ళు అడ్డం పడేవారు.

నాకు ఏడేళ్ళప్పుడు మా చిన్నాన్న చెవి ఆ కట్ట మీదే తెగింది. పూర్తిగా ఊడలేదు, తోలు పట్టుకుని వేలాడింది. మా నాయనమ్మ దాన్ని పసుపుతో అదిమిపెట్టి, పాత కోక చింపి కట్టింది. నేను తొంగి చూడబోతే నెత్తిమీద ఒక్కటిచ్చింది. నెత్తురు చూసి భయపడ్డానని అబద్ధం చెప్పను, నాకు కోపమే వచ్చింది. అంతకంటే పెద్ద కోపం మర్నాడు పొద్దున్న వచ్చింది. అదే చిన్నాన్న, తలకి ఆ గుడ్డతోనే, తన చెవి తెంపినవాళ్ళ చేలోకే కూలికి బయల్దేరాడు. వెళ్ళకపోతే పొయ్యి వెలగదు మరి. "సిగ్గులేదా చిన్నాన్నా?" అన్నాను. "ఉందే తల్లీ, రెండో చెవిలో దాచుకున్నాను," అని నవ్వేసి వెళ్ళిపోయాడు. నేను నవ్వలేదు.

ఊరివైపు పెద్ద తలకాయ మునసబుగారు. మా నాన్న ఆయన దగ్గర పదిహేనేళ్ళు పాలేరుగా చేసి, ఆ తర్వాత మా చర్చిలో గంట కొట్టే పనీ, పేట పెద్దరికమూ చూసేవాడు. మునసబుగారంటే మా నాన్నకి భయం కాదు, మొహమాటం. ఆ మొహమాటం సంగతి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. ఎవరేమడిగినా "ఆయ్" అనేవాడు. ఉన్న ఒక్క గొడ్డలీ కావాలన్నా ఆయ్, మా వాకిట్లో వాళ్ళ మేకని కట్టుకుంటామన్నా ఆయ్. ఎదుటి మనిషి మొహం మీద కాదనడం ఆయన లెక్కలో చెంప మీద కొట్టడంతో సమానం. ఆ మాటకొస్తే మా వాళ్ళందరిదీ అదే జబ్బు. కట్ట మీద బుర్రలు పగలగొట్టుకుంటాం గానీ, అరుగు మీద కూర్చోబెట్టి మర్యాదగా అడిగితే ఒక్కడూ కాదనడు.

అమలాపురం కాలేజీలో బి.ఏ. పూర్తిచేసి నేను ఇంటికొచ్చిన ఏడే, ఎనభైల మొదట్లో, హాలండ్ దేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. అంతకుముందు వచ్చిన తుఫాను తర్వాత ఆ దేశంలో కొందరు మా కోనసీమతో స్నేహం కలుపుకున్నారు. వాళ్ళదీ మాలాగే పల్లపు నేలట, సముద్రానికి గట్లు కట్టుకుని బతుకుతారట. అక్కడి బడిపిల్లలు బొమ్మలు వేసి మాకు పంపారు. ఊళ్ళో ఆడవాళ్ళూ పేటలో ఆడవాళ్ళూ కలిసి ఒక డబ్బా నిండా పూతరేకులు పంపారు. అవి ఓడలో పొడైపోయి చేరాయి. వాళ్ళు చెంచాలతో తినేసి, అమోఘంగా ఉందని ఉత్తరం రాశారు. రెండువైపుల ఆడవాళ్ళూ ఒకచోట నిలబడి నవ్వుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

పేటలో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే కాబట్టి ఆయనకి దుబాసీని నేనయ్యాను. మనిషి పొడుగు, ఎండకి కమిలిన మెడ, మోకాలి లోతు బురదలో దిగి కాలవ కొలిచేవాడు. మంచివాడు. ఇప్పటికీ మంచివాడనే అంటాను. మా మచ్చలన్నీ చూశాడు, చిన్నాన్న చెవీ చూశాడు, మునసబుగారి భుజం మీద మావాళ్ళు కర్రతో కొట్టిన గుర్తూ చూశాడు. చూసి, "మా తాతల కాలంలో మేమూ నీళ్ళ కోసం పారలతో కొట్టుకున్నాం. తర్వాత తలుపు పెట్టుకున్నాం," అన్నాడు.

ఆ తలుపే ఆయన మాకిస్తానన్న కానుక. కట్టలో ఒక ఇనప తలుపు. చక్రం తిప్పితే పైకి లేస్తుంది. చక్రానికి గొలుసు, గొలుసుకి రెండు తాళాలు. ఒక తాళంచెవి ఊరి దగ్గర, రెండోది పేట దగ్గర. పక్కనే రాతిస్తంభం మీద ఒక ఎర్రగీత. నీళ్ళు గీతని తాకితే రెండు ఊళ్ళవాళ్ళూ వచ్చి, రెండు తాళాలూ తీసి, తలుపెత్తాలి. ఏ ఒక్కరివల్లా కాదు. మరి మా ఇళ్ళు మునగవా అంటే, పేట మొత్తానికి మట్టి తోలించి మెరక చేస్తారు. ఎత్తు మీద ఇళ్ళుంటే తలుపు తీసినా నీళ్ళు మా గడప తాకవు. వినడానికి ఎంత బాగుందో! అందరికీ తెలుగులో చెబుతూ నేనే మురిసిపోయాను.

చిక్కెక్కడొచ్చిందంటే, తలుపు ముందే వచ్చేసింది. మెరకకి మట్టి తియ్యాలంటే చేలు ఎండాలి, అంటే వచ్చే వేసవి దాకా ఆగాలి. నడుమ ఒక వానాకాలం ఉంది. చర్చి అరుగు మీద అందర్నీ కూర్చోబెట్టి ఇంజనీరు అడిగాడు. తలుపు ఇప్పుడే పెట్టేద్దామా, మెరక వచ్చే ఏడు వేద్దాం, ఈలోగా నీళ్ళు గీత దాకా వస్తే తలుపు తీస్తారు కదా, ఎవరికైనా అభ్యంతరముందా అని.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు మా నాన్న.

నేను వంగి ఆయన చెవిలో, "నాన్నా, మెరక ముందు వెయ్యమను. ఈ ఏడు గట్టి వానొస్తే మునిగిపోమూ?" అన్నాను.

"నోర్ముయ్యవే. సముద్రాలు దాటొచ్చిన మనిషి మొహమ్మీదే కాదంటామా? ఒక్క ఏడే కదా. ప్రభువు చూసుకుంటాడు."

ఇంజనీరు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అందరూ ఆయ్ అన్నారు. నోరు నాది, ఇంగ్లీషు నాది, ఆ మాట నేనే అనేయొచ్చు. అనలేదు. ఇంట్లో అందరి మీదా అరిచే దాన్ని, అక్కడ మాత్రం బుద్ధిమంతురాలినయ్యాను. నా మీద నాకున్న మొదటి కోపం అది.

తలుపు పెట్టాక నాలుగు నెలలు నిజంగానే స్నేహంగా గడిచాయి. రోజూ సాయంత్రం మునసబుగారూ మా నాన్నా కలిసి వెళ్ళి చక్రానికి గ్రీజు రాసేవారు. జీవితమంతా నాన్నని "ఒరేయ్" అన్న మనిషి "ఏవయ్యా" అనడం మొదలుపెట్టాడు. తన చుట్ట వెలిగించుకుని నాన్నకీ ఒకటిచ్చేవాడు. నాన్న తాళంచెవికి నూలుతాడు కట్టి మెళ్ళో వేసుకున్నాడు. స్నానానికి కూడా తీసేవాడు కాదు. ఇంజనీరు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఇద్దరి భుజాల మీదా చేతులేసి, పెద్దపండగ వెళ్ళాక తనవాళ్ళని వెంటబెట్టుకుని వస్తానన్నాడు.

దసరా వెళ్ళిన వారానికి వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఏకధారగా కురిసింది. మూడోనాడు పొద్దున్నకే మా వాకిళ్ళలో కాలి మడమల దాకా మా వాననీరే నిలిచింది. మధ్యాహ్నం అవుతుండగా కాలవలో నీళ్ళు ఎర్రగీతని తాకాయి. ఎగువన చేలు కనిపించడం లేదు, అంతా తెల్లటి నీళ్ళు.

మునసబుగారు తాళంచెవి పట్టుకుని వచ్చారు. ఆయన వెనక ఊరి మగవాళ్ళంతా ఉన్నారు, భుజాల మీద పారలు, గునపాలు. మావాళ్ళు అప్పటికే కట్ట మీదున్నారు, బరిసెలతో, కర్రలతో. నేను మా చిన్నాన్న పడవలోంచి తెడ్డు తీసుకుని వెళ్ళి నాన్న వెనక నిలబడ్డాను. ఇంటికి పొమ్మని నాన్న రెండుసార్లు చెప్పాడు. వెళ్తానా?

"గీత తాకిందయ్యా. రా, తీద్దాం," అన్నారు మునసబుగారు.

నాన్న మెళ్ళో తాళంచెవిని గుప్పిట్లో పట్టుకున్నాడు. "లేదండి బాబూ. తియ్యనండి," అన్నాడు.

నాకు తెలిసి మా నాన్న జన్మలో కాదన్నది అదే మొదలు. అనవలసిన రోజున అనలేదు, అనవలసిన మనిషితో అనలేదు. తీరా ఇలా, ఈ వానలో అన్నాడు.

"దొరగారి ముందు మాటిచ్చేవుగా?"

"ఇచ్చేనండి. తప్పేనండి. నా ఇంట్లో ముసలిది మంచమ్మీద ఉందండి, పేటలో చంటిపిల్లలున్నారండి. తలుపెత్తితే ఇళ్ళు కూలిపోతాయండి."

"మాకు గింజ దక్కదురా!" అని మునసబుగారు అరిచారు. "ఏవయ్యా" పోయి మళ్ళీ "రా" వచ్చింది. ఆ అరుపులో ఏడుపుంది, ఒప్పుకుంటాను. ఆయన ఇంటినిండా తినే నోళ్ళున్నాయి, ముందేడు పంట కూడా పోయింది.

ఎవరు మొదట చెయ్యెత్తారో నాకు తెలీదు. తర్వాత రెండువైపులా రెండు రకాలుగా చెప్పుకున్నారు. నేను చూసింది, ఊరివాళ్ళలో ఒకడు గొలుసు మీద గునపం వేశాడు, మావాడొకడు వాడి ముంజేతిలో బరిసె దింపాడు. అంతే, ఇక మనుషులు లేరు. కట్ట వెడల్పు ఆరడుగులు, రెండువైపులా నీళ్ళు. కొట్టేవాడు ఎవణ్ణి కొడుతున్నాడో చూసుకోవడం లేదు. పార ఎముకకి తగిలితే తడిమట్టిలో దిగినట్టుండదు, వేరే చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు నేను మర్చిపోలేదు. ఒకడు రెండు వేళ్ళు తెగిపోయి, వాటికోసం బురదలో వెతుక్కుంటున్నాడు. మా చిన్నాన్న ఒకణ్ణి కాలవలో ముంచి పట్టుకున్నాడు, వాడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. నేనే చిన్నాన్న జుట్టు పట్టి లాగాను.

మంచిదాన్నని చెప్పుకోవడానికి ఈ మాట రాయలేదు. ఆ వెంటనే ఒకడు నాన్న మీదికి వస్తుంటే తెడ్డు తిప్పి మెడకీ భుజానికీ మధ్య కొట్టాను. వాడు అబ్బా అని కూలబడ్డాడు. నాకు హాయిగా అనిపించింది. ఏడేళ్ళ వయసు నుంచీ దాచుకున్న హాయి. మళ్ళీ కొట్టాను. వాడు లేవడం లేదని తెలిసీ కొట్టాను.

మూడో దెబ్బకి తెడ్డెత్తినప్పుడే నా వెనక ఆ చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే నాన్న మోకాళ్ళ మీదున్నాడు. మునసబుగారి పార నాన్న తల ఎడమవైపు దిగి, ఇంకా అక్కడే ఉంది. ఆయన దాన్ని వదిలేసి, నాన్న మెళ్ళో తాడు పట్టి గుంజారు. తాడు ఒక పట్టాన తెగలేదు, నాన్న తల ముందుకీ వెనక్కీ ఊగింది. నేను ఆయన చెయ్యి కొరికాను. ఎవడో నన్ను జుట్టు పట్టి ఈడ్చేశాడు. మునసబుగారు రెండు తాళాలూ ఆయనే తీశారు. నెత్తురు చేతులు జారుతుంటే పంచెతో తుడుచుకుని చక్రం తిప్పారు. ఎంత చక్కగా గ్రీజు రాసుకున్నారో, అది కిర్రుమనకుండా తిరిగింది.

నీళ్ళు పేట మీద పడ్డాయి. అమ్మ నాయనమ్మని వీపున వేసుకుని చర్చి మెట్లెక్కింది. ప్రాణాలు పోలేదు గానీ ఇళ్ళలో సగం గోడలు కరిగి కూలిపోయాయి. నాన్నని చిన్నాన్న పడవలో వేసుకుని, తలుపులోంచి దూకుతున్న ఆ నీళ్ళ మీదే రోడ్డు దాకా తెచ్చాం. కాకినాడ తీసికెళదామంటే వరదకి గోదావరి దాటించే పంటు ఆపేశారు. అమలాపురంలోనే కుట్లు వేశారు. బతికాడు. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. అన్ని మాటల్లోనూ ఒక్కటి మిగిలింది. నీళ్ళు కావాలా అంటే ఆయ్. నొప్పిగా ఉందా అంటే ఆయ్. నేనెవర్ని నాన్నా అంటే ఆయ్.

ఎవరూ కేసు పెట్టలేదు. రెండువైపులా దెబ్బలు తిన్నారు, రెండువైపులా చేతులు శుభ్రంగా లేవు. పెద్దలు కూర్చుని, అందరూ వానకి కట్ట మీంచి జారిపడ్డారని తేల్చారు. నేను కొట్టినవాడి మెడ కింది ఎముక అతుక్కుంది గానీ భుజం వంకర అలాగే ఉండిపోయింది. వాడూ జారిపడినట్టే. ఒప్పుకోక నేనేం చేస్తాను? అన్నిటికంటే ముఖ్యం, హాలండ్‌వాళ్ళకి తెలియకూడదన్నారు. తెలిస్తే స్నేహం తెంపుకుని పోతారు, మెరక రాదు. మెరక రాకపోతే వచ్చే వానాకాలం మళ్ళీ ఇదే.

చెప్పినట్టే పండగ వెళ్ళాక ఇంజనీరు వచ్చాడు, తన దేశం వాళ్ళని నలుగుర్ని తీసుకుని, కెమెరాలతో. కరచాలనం బొమ్మ చెక్కిన ఒక ఇత్తడిపలక తెచ్చారు, తలుపు పక్కన పెట్టడానికి. కట్ట మీద షామియానా వేశారు. నాన్నని కుర్చీలో మోసుకొచ్చారు. ఆయనకేమైందని ఇంజనీరు అడిగితే, పెద్దలందరూ నా వైపు చూశారు. "జబ్బు చేసింది," అన్నాను. ఆయన నాన్న ముందు గొంతుక్కూర్చుని, తలుపు బాగా పనిచేసిందా అని ఇంగ్లీషులోనే అడిగాడు. "ఆయ్," అన్నాడు నాన్న.

అప్పుడు లేచారు మునసబుగారు. పూలదండ వేయించుకోవాల్సిన మనిషి, దండ పక్కకి తోసి, ఇంజనీరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. 

"ఇతని బుర్ర పగలగొట్టింది నేనేనండి. జబ్బు కాదండి. నా పారేనండి. మీరిచ్చిన తాళంచెవి మెళ్ళోంచి తెంపుకున్నానండి. నాకు నిద్ర పట్టట్లేదండి," అని బావురుమన్నారు.

ఇంజనీరు నా వైపు తిరిగాడు. ఏమంటున్నాడని అడిగాడు.

చెప్పాలని నాకెంత ఆత్రంగా ఉందో! ఒక్క ముక్క చెబితే చాలు, ఆ దేశం వాళ్ళందరి ముందూ ఆయన హంతకుడిలా నిలబడతాడు. నా నాలుక మీదికి వచ్చేసింది కూడా. షామియానా అంచున అమ్మ నిలబడి ఉంది. ఆవిడ వెనక పేట కనపడుతోంది, గోడల్లేని ఇళ్ళు, తాటాకు కప్పు ఒక్కటే గుంజల మీద నిలబెట్టినవి. చెబితే మెరక పోతుంది.

"మెరక ముందు వెయ్యాల్సిందంటున్నారు. తలుపు కాదు, ముందు మెరక. అది అడగకపోవడం తప్పైందంటున్నారు. పేటవాళ్ళు చాలా కష్టపడ్డారని ఏడుస్తున్నారు," అన్నాను.

ఆ రోజు నాన్న చెవిలో అన్నదే ఇంగ్లీషులో అన్నాను. ఒక వానాకాలం ఆలస్యంగా అన్నాను, మా నాన్నని చంపబోయినవాడి పేరు మీద అన్నాను. ఇంజనీరు కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, మునసబుగారి రెండు చేతులూ పట్టుకుని, తప్పు మాదే, మన్నించండి, అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఫొటో తీశారు. మునసబుగారికి ఇంగ్లీషు రాదు. చేతులు పట్టుకోవడమే తెలిసింది ఆయనకి.

ఆ వేసవిలోనే మెరక పడింది. మునసబుగారి బళ్ళు మట్టి తోలాయి, ఆయనే దగ్గరుండి తోలించారు. మరుసటేడు మా నాన్న ఎత్తు మీద కట్టిన కొత్తింట్లో, పొడినేల మీద పోయాడు. సమాధి దగ్గర మట్టివేసి అందరూ వెళ్ళిపోయాక మునసబుగారు నా పక్కన కూర్చున్నారు.

"ఆ దొరగారు నన్ను క్షమించి చేతులు పట్టుకున్న రోజునుంచీ నిద్ర పడుతోందమ్మాయ్. ఆ ఫొటో పటం కట్టించుకున్నాను. రోజూ చూసుకుంటాను," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఈయన నిద్రపోతున్నాడు! "నేను చెప్పలేదండి," అన్నాను. "మీరన్నది ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మెరక అడిగేను. ఆయన తనని క్షమించమని మిమ్మల్ని అడిగేడండి, మిమ్మల్ని క్షమించలేదు. ఆయనకసలు తెలీనే తెలీదు."

ఆయన మొలతాడుకి కట్టుకున్న తన తాళంచెవి విప్పి, నా చేతిలో పెట్టబోయి, పెట్టలేక, మా నాన్న సమాధి మీద పెట్టి వెళ్ళిపోయారు. పటం గోడ మీంచి తీసేశారని తర్వాత విన్నాను.

కొట్లాట నాడు తాళానికే ఉండిపోయిన నాన్న తాళంచెవిని నేనే తీసి దాచాను, అది నా మెళ్ళో ఉంది. రెండోది తెచ్చి దాని పక్కనే కట్టుకున్నాను. ఆ ఏడు అక్టోబరులో మళ్ళీ ముసురు పట్టింది. మూడోనాడు నీళ్ళు గీత తాకాయి. పేట మెరక మీద పొడిగా ఉంది, ఎగువన చేలు మునుగుతున్నాయి. రెండు తాళంచెవులూ నా దగ్గరే ఉన్నాయి. నేనొక్కదాన్నే తియ్యగలను. తియ్యకుండా కూర్చోనూగలను. కాసేపు కూర్చున్నాను కూడా. ఊరివైపు నుంచి ఒక్కడూ రాలేదు, ఒక్క పారా రాలేదు.

గొడుగు లేకుండా ఊళ్ళోకి నడిచాను. మునసబుగారు అరుగు మీద ఒక్కరే కూర్చుని వానని చూస్తున్నారు. ఒక తాళంచెవి విప్పి ఆయన ముందుకి చాచాను.

"నేను క్షమించలేదండి," అన్నాను. "నీళ్ళు గీత దాకా వచ్చేయి. లెండి, తీద్దాం."

"ఆయ్," అని లేచారు.